రెండో భాగం చదివిన ముసురు రోజులు

అలమరలోంచి ఆ పాత పుస్తకం తీసినప్పుడల్లా ఉడికించిన మైదా జిగురు వాసన వస్తుంది, నాకు మాత్రం దానితో పాటు పచ్చి శనక్కాయల మట్టి వాసన కూడా తగులుతుంది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఒక ప్రేమ నవలనూ, దాని రెండో భాగాన్నీ మా సుశీల పిన్ని వారం వారం పేజీలు కోసి, దబ్బనంతో కుట్టి, అట్ట అంటించి చేసిన పుస్తకం అది. మొదటి సగం తిప్పి తిప్పి గుడ్డలా మెత్తబడింది, రెండో సగం ఇప్పటికీ బిరుసుగానే ఉంది.

అరవైల మొదట్లో మైపాడు దారిలోని మా ఊరికి నెల్లూరు బస్సులో శుక్రవారం సాయంత్రం పత్రిక దిగేది. ఇసుక నేలల్లో పీకిన శనక్కాయలు వసారాలో కుప్పపోసుకుని ఇంటి ఆడవాళ్లు ఒలుస్తూ కూర్చుంటే, చదువురాని అవ్వ కోసం, అంటే మా అమ్మమ్మ కోసం, పదేళ్ల నేను పైకి చదవాలి. అవ్వకు కథలో మనుషులు పక్కింటివాళ్లతో సమానం. మొదటి భాగం చివర ఆ ప్రేమికులకు పెళ్లయిన వారం పొంగలి వండి వాడంతా పంచింది.

ఆ పొంగలి వేడి మీదే పిన్ని నోరు విప్పింది. చిల్లకూరు వైపు నుంచి మా బడికి వచ్చిన రాఘవయ్య మాస్టారిని చేసుకుంటానంది. మా ఇళ్లలో ఆడపిల్ల తనంతట తాను ఒక పేరు చెప్పడం అదే మొదలు. తాత పోయాక ఇంట్లో మాట అవ్వదే. ఆవిడ ఔననలేదు, కాదనలేదు, చూద్దాంలే అంది.

సరిగ్గా అప్పుడే రెండో భాగం మొదలైంది. పిన్ని సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పెళ్లయిన కథానాయకుడు చిరాకుపడ్డాడు, అబద్ధాలాడాడు, ఇంటికి ఆలస్యంగా రాసాగాడు. అవ్వ చేతిలో కాయ చిట్లే చప్పుడు వారం వారం గట్టిపడింది. నిజం చెప్పాలంటే నాకు రెండో భాగమే నచ్చింది. మొదటిదాంట్లో వెన్నెలా మల్లెపూలూ తప్ప ఏముంది? ఇందులో మనుషులు మా ఇంట్లోవాళ్లలా అలిగారు, తిట్టుకున్నారు, అన్నం మానేశారు. శుక్రవారం కోసం ప్రాణం కొట్టుకునేది, పిన్ని మొహం చూడగానే ఆ రచయిత మీద ఒళ్లు మండేది. సుఖంగా పెళ్లి చేసి పంపినవాళ్లని మళ్లీ ఎందుకు లాక్కొచ్చినట్టు?

కార్తీకంలో ముసురు పట్టింది. రోడ్డు తెగి బస్సు ఆగిపోయింది. కథేమో అతను పెట్టె సర్దుకుంటున్న చోట ఆగి ఉంది. సముద్రం హోరు వసారాదాకా వినిపించే ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. పిన్ని తడికట్టెల పొయ్యి ఊదుతూ, “వాడు పోడు గదా మే?” అని నా చెవిలో గొణిగేది. నాకు మాత్రం ఏం తెలుసు.

రోడ్డు బాగుపడ్డాక మాస్టారే గొడుగు కింద పత్రిక తెచ్చి నా చేతికిచ్చి, వసారా ఎక్కకుండానే వెళ్లిపోయాడు. అందులో ఏముందో పాపం ఆయనకు తెలియదు.

చదివాను. అతను వెళ్లిపోయాడు. ఆమె గడప మీద కూలబడి, ఇక నాకెవరూ లేరని ఏడ్చింది. పిన్ని తల వంచేసుకుంది.

అవ్వ కాయలు పక్కకు నెట్టింది. “ఎవురూ లేరంటదేంది? దానికి అమ్మ లేదా?”

“ఉందవ్వా. ఈ పెళ్లి చేసుకుంటే మళ్లా నా గడప తొక్కొద్దని మొదటి భాగంలో చెప్పింది గదా.”

అవ్వ ఒడిలోని పొట్టు దులుపుకుంది.

“మొగోళ్ల సంగతి ఎవురు చెప్పగలరు? మనం ఏరి తెచ్చినోడైనా అట్టా మారొచ్చు. తల్లి తలుపేసుకుంటే ఆ పిల్ల యాడికి పోతాది?” అని పిన్ని వైపు తిరిగింది. “ఆ మాస్టార్ని రమ్మను. నువ్వు ఎప్పుడొచ్చినా ఈ తలుపు తీసే ఉంటాది, అది మాత్రం మర్చిపోబాక.”

మాఘంలో పెళ్లయింది. మాస్టారు చిరాకుపడ్డ రోజులు లేకపోలేదు గానీ, పెట్టె ఎన్నడూ సర్దలేదు. ఇప్పుడు అవ్వ లేదు, పిన్ని లేదు, శనక్కాయ చేలు రొయ్యల గుంటలయ్యాయి, నన్ను కూర్చోబెట్టి పైకి చదివించుకునేవాళ్లూ లేరు. ఆ రెండో భాగం రాయకపోతేనే బాగుండేదేమో, నేను ఇప్పటికీ తేల్చుకోలేను. పుస్తకం మొదటి సగంలో ఒకచోట మాత్రం పేజీ లేదు, దారం మిగిలింది. తల్లి కూతుర్ని గడప తొక్కొద్దన్న పేజీ అది. మాస్టార్ని రమ్మన్న ఆ సాయంత్రమే అవ్వ నాచేత వెతికించి చింపించి, దాంతోనే పొయ్యి రాజేసింది.