అత్త విన్న మెర్డెకా పోటీలు

పోయిన నెల నెల్లూరులో కంటి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, నర్సమ్మ రెండు కళ్ళల్లోనూ చుక్కలు వేసి, పిలిచేదాకా తెరవొద్దమ్మా అని హెచ్చరించి పోతే, నేను బుద్ధిమంతురాలిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. గోడకున్న టీవీలో ఎవరో వార్తలు చదువుతూ, మలేషియాలో జరిగే మెర్డెకా ఫుట్‌బాల్ పోటీల గురించి ఒక్క ముక్క చెప్పి, వెనక కాసేపు జనం హోరు వినిపించి, వెంటనే బంగారం ధరలోకి దూకేశారు. ఆ హోరుకు నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్నావిడ మందు మండుతోందా అని అడిగితే అవునన్నాను. మా మేనత్త గుర్తొచ్చిందంటే ఆవిడకేం అర్థమవుతుంది?

మెర్డెకా అంటే వాళ్ళ భాషలో స్వాతంత్ర్యం. యాభై ఏడులో మలయాకు, అంటే ఇప్పటి మలేషియాకు, తెల్లవాళ్ళ పీడ వదిలిన సంబరంలో మొదలుపెట్టిన పోటీలవి. ఏటా కౌలాలంపూర్‌కు బర్మా, ఇండోనేషియా, హాంకాంగ్, కొరియా, ఇలా చుట్టుపక్కల దేశాల జట్లన్నీ వచ్చి ఆడేవి. మనలాగే కొత్తగా తలెత్తుకున్న దేశాలు చాలా వరకు. వాకాడు అవతల సముద్రం ఒడ్డున వలలు లాగుకునే మా పల్లెకు ఈ సంగతులన్నీ ఎందుకు పట్టాయంటే, మా మామ వల్ల. మామ, అంటే అత్త భర్త, పెళ్ళైన కొన్నాళ్ళకే మద్రాసులో ఓడెక్కి మలయా రబ్బరు తోటల్లో పనికి పోయిన మనిషి. ఇసకలో ఉత్త కాళ్ళతో బంతి తన్నడమంటే చిన్నప్పటినుంచీ ఆయనకు పిచ్చి. యాభై ఎనిమిదిలో ఒక్కసారి వచ్చాడు. వచ్చి ఉన్నన్నాళ్ళూ పెళ్ళానికి ఏం తెచ్చాడో చూపించిందానికంటే ఆ పోటీలను గురించి చెప్పిందే ఎక్కువ. మన దేశం జట్టు ఇంకా అక్కడికి రాలేదనీ, వస్తే మాత్రం గేటు దగ్గర పడుకునైనా చూస్తాననీ, ఈల వేస్తే ఇక్కడికి వినపడాలనీ అనేవాడు. ఆయన ఈల సామాన్యమైనది కాదు లెండి, రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి ఊదితే పడవల్లో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. ఈసారి వచ్చినప్పుడు నిన్ను తీసుకుపోతానని అత్తకు మాటిచ్చి వెళ్ళాడు, ఆ తరవాత కబురు లేదు.

మా నాయన ఎండుచేపల వ్యాపారం చేసేవాడు కాబట్టి మా ఇంట్లో బ్యాటరీ రేడియో ఉండేది. యాభై తొమ్మిదిలో మనవాళ్ళు మొదటిసారి ఆ పోటీలకు వెళ్ళినప్పుడు, నాయన సరుగుడు బొంగుకు తీగ కట్టి, మలయా స్టేషను పట్టుకున్నాడు. అరవంలో వ్యాఖ్యానం. మా పక్క అరవం అర్థం కానిదెవరికి? అత్త రేడియోకు చెవి ఆనించి కూర్చుంది, ఆటకోసం కాదు, జనం హోరుకోసం. ఉన్నట్టుండి ఆ హోరులోంచి ఒక ఈల లేచింది. అత్త ఎగిరి లేచి నిలబడింది, మొహమంతా వెలుగే. మనవాళ్ళు ఆ ఏడు రెండో స్థానంలో నిలిచారు, మా ఇంట్లో మాత్రం మామ గెలిచాడు.

మీరు నవ్వుతారు, మా పల్లె కూడా నవ్వింది. అత్తకు మాత్రం అది నవ్వులాట కాదు. కబురు లేని మనిషి పోయినట్టేననీ, గడ్డిబొమ్మ చేసి దహనం పెట్టి కర్మ జరిపిస్తే ఆ ఆత్మకైనా శాంతి దొరుకుతుందనీ అత్త మెట్టినింట్లో ఏటా మాట లేచేది. కర్మ అంటే అత్త బొట్టు, గాజులు, పూలు, అన్నీ పోయినట్టే. అందుకని ఆగస్టు వచ్చిందంటే అత్త తన మరిదిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి రేడియో ముందు కూర్చోబెట్టేది.

"ఇదో, ఇదో! ఇన్నావా అబ్బయా?"

"ఈలలు శానా ఇనపడతా ఉండాయి వదినా. అన్నదేనని ఎట్టా చెప్పేది?"

"నా మొగుడి ఈల నాకు తెలవదా? పోబ్బా నువ్వు!"

మరిది పాపం మెత్తటి మనిషి, తల గోక్కుంటూ లేచి పోయేవాడు. ఆ ఏటికి బొట్టు దక్కినట్టే. ఆ తరవాత అత్త తీరిగ్గా ఆట కూడా వినేది, ఎవరు ముందు ఆడతారో, ఎవరు గోలు కాస్తారో పేర్లతో సహా చెప్పేది. అరవై నాలుగులో మనవాళ్ళు చివరి ఆట దాకా వెళ్ళి బర్మా చేతిలో ఓడిపోయిన రోజున, ఆయన ఈ పూట అన్నం ముట్టడు అని తనూ పస్తు పడుకుంది. అమ్మ ఎంత బతిమాలినా లేవలేదు.

ఆ మరుసటి ఏడాది, పోటీలు ఇంకా మొదలు కాకముందే, చిట్టమూరు వైపు నుంచి ఒక ముసలాయన దారి అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చాడు. మలయాలో మామతో ఒకే తోటలో పని చేసి, ఇక చాలనుకుని సొంతూరికి తిరిగొచ్చిన మనిషి. మంచినీళ్ళు తాగి, అత్తను చూసి, బొట్టు చూసి, చెంబు కింద పెట్టి, నేలకేసి చూస్తూ సంగతి చెప్పాడు. మామ ఇక్కడినుంచి తిరిగి వెళ్ళిన కొద్ది నెలలకే కొయ్య దుంగల లారీ బోర్లాపడి పోయాడట. చితికి నిప్పు పెట్టింది ఈ ముసలాయనేనట. ఎవరికి కబురు చెప్పాలో తెలియక, ఎప్పటికైనా తనే వచ్చి చెబుదామని ఇన్నేళ్ళు మోశాడట. ఆఖరి రోజుల్లో కూడా, ఈ ఏడు మనోళ్ళు వస్తారంటరా అని అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

అత్త ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"అయితే ఆయన మనోళ్ళ ఆట చూడనే లేదా?"

ఆ ముసలాయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు పడిపోయింది మా అత్త, నలుగురు పట్టుకున్నా ఆగనంత ఏడుపు. ఇన్నేళ్ళు ఏ హోరులో మొగుణ్ణి దాచుకుందో అందులో ఆయన ఒక్కరోజు కూడా లేడు.

కర్మ జరిగింది, జరగాల్సినవన్నీ జరిగాయి. ఆగస్టులో నాయన రేడియో మీద దుప్పటి కప్పి పెట్టాడు, చెల్లెలి ముందు ఆ ఊసే ఎత్తొద్దని మాకందరికీ చెప్పి. ఆట రోజున పొద్దు వాలుతుండగా అత్త తనే వచ్చింది, బోసి నొసటితో. దుప్పటి తీసి, పెట్టన్నా అంది. నాయన పెట్టాడు. ఈలలు వచ్చాయి, అత్త తల ఎత్తలేదు. అరవంలో వాళ్ళు చెప్పేది చెప్పినట్టు తెలుగులో నెమ్మదిగా గొణుక్కుంటూ ఉంది, మనోడికి అందింది, ఎడం పక్కకు తన్నినాడు, అబ్బ, తప్పిపోయినాదే, అని. ఎవరికి చెబుతున్నావత్తా అని నేను అడగబోతే అమ్మ నా నోరు మూసింది. మనవాళ్ళు గోలు కొట్టిన క్షణాన అత్త పక్కనున్న ఖాళీ చాపకేసి తిరిగి, చూసినావా, అంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ పోటీలకూ వెనకటి వైభవం లేదు, కొన్నేళ్ళు జరగడం, కొన్నేళ్ళు ఆగిపోవడం. మన జట్టు పేరు చెబితే బర్మావాళ్ళు జంకిన కాలం ఒకటుండేదంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. ఇప్పుడు కెమెరాలు మైదానంలో ప్రతి మొహాన్నీ దగ్గరికి తెచ్చి చూపిస్తాయి, ఉన్నదెవరో లేనిదెవరో ఒక్క చూపులో తేలిపోతుంది. మాకు వినపడింది ఉత్త హోరే, అందులో మా అత్త కాపురం ఆరేళ్ళు సాగింది.