డిక్కీకి కొలిచి కొన్న గాలం

ఇలా రండి. గుమ్మంలో నిలబడతారేం, చాప మీదికి జరగండి. కాళ్ళు చాపుకున్నా పరవాలేదు గానీ ఆ ఫోను బోర్లా పెట్టండి. మా ఇంట్లో ఒక గాలం ఉంది, దాని సంగతి చెబుతాను. నేను ఐదో తరగతి దాటలేదు గానీ, ఈ ఇంట్లో ఎవరు ఏ కూర తింటూ ఏ కోతలు కోశారో ఒక్కటీ మర్చిపోలేదు.

కంకిపాడు దగ్గర మా పుట్టింట్లో మొదలైంది. చేపల పులుసుతో భోజనాలు. మా ఆయన, మా అత్తగారు, నేను, ఎదురుగా మా తమ్ముడు. పులుసు నాలిక్కి తగిలితే చాలు, మా ఆయనకు చిన్నతనం పూనుతుంది.

"నా చిన్నప్పుడు కాలవలో గాలమేసి మోచెయ్యంత కొరమీనుని లాగాను," అన్నారు.

అంతకు ముందోసారి చెప్పినప్పుడు అది జానెడే.

మా తమ్ముడు ఊరుకునే రకం కాదు. "నీ కొరమీను ఏటేటా పెరుగుతోంది బావా. మీ కొట్లో ఎరువేగానీ వేస్తున్నావా ఏంటి?" అన్నాడు. మాది ఎరువుల కొట్టు లెండి.

మా ఆయన సాక్ష్యానికి తల్లి వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు చెప్పవే వీడికి."

అత్తగారు ముల్లు తీసుకుంటూ తలెత్తలేదు. "ఎప్పుడు పట్టావురా? నా గిన్నెలోకి రాలేదే!"

తమ్ముడికి పొలమారింది. మా ఆయన మొహం మాడిపోయింది. విస్తరి ముందునుంచి లేస్తూ, "ఈసారి ఫ్యామిలీ రోడ్ ట్రిప్పులో నా చేత్తో పట్టి నీ గిన్నెలోనే వేస్తానమ్మా. ఒరేయ్, నువ్వే తింటావు, చూస్కో," అన్నారు.

రోడ్ ట్రిప్పట! కారు కొన్నది మొదలు మేం తిరిగినవన్నీ గుళ్ళు. మోపిదేవి వెళ్ళాం, మంగళగిరి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు దేవుడి దగ్గరికని నీసు ముట్టం, వచ్చేటప్పుడు ఒళ్ళో ప్రసాదం ఉందని ముట్టం. ఇలాంటి ప్రయాణాల్లో చేపలు పడతారట ఈయన. ఆ మాట నేను అననూ అన్నాను. "నీకేం తెలుసే," అన్నారు.

ఇంటికి రాగానే డిక్కీ తెరిచారు. మంచినీళ్ళ క్యాను, పులిహోర క్యారియరు, అత్తగారి మడత కుర్చీ, దుప్పట్ల మూట, అన్నీ ఎక్కడివక్కడ సర్దించి, మిగిలిన సందెంతో చూశారు. చూసి, నా కొత్త చీపురులోంచి ఓ పుల్ల లాగి, ఆ సందుకి సరిగ్గా తుంచారు. టేపు లేదా అంటే ఉంది. ఎక్కడుందో వెతికే ఓపిక లేదు.

ఆ చీపురుపుల్ల జేబులో గుచ్చుకుని బెంజ్ సర్కిల్ దగ్గర గాలాలమ్మే కొట్టుకి బయల్దేరారు. నన్నూ లాక్కెళ్ళారు. కొట్టతను మర్యాదగా, "ఏ చేపకండీ? కాలవలోనా, సముద్రంలోనా?" అనడిగాడు.

"చేప సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఇంతలో పట్టాలి," అని మా ఆయన పుల్ల తీసి బల్ల మీద పెట్టారు.

ఆ మనిషి పుల్లని చూసి నన్ను చూశాడు. నేను గోడకున్న బొమ్మల్ని చూశాను.

మూడు ముక్కలుగా ఊడేది ఒకటి చూపించాడు. గట్టిదే గానీ పుల్ల కంటే బెత్తెడు పొడుగు. క్యాను కాస్త పక్కకి జరిపితే అదీ పడుతుంది కదండీ అన్నాను. నా మాట ఎవరిక్కావాలి? చివరికి ఒకదాంట్లో ఒకటి దూరిపోయే కర్ర దొరికింది. ముడిస్తే అప్పడాల కర్రకి అక్కగారిలా ఉంటుంది, లాగితే గది ఆ చివరికి వెళ్తుంది. కొన మటుకు ఈనె కంటే సన్నం.

"ఇది లాగడానికే పనికొస్తుందండీ. కొనతో దేన్నీ పొడవకండి, తొయ్యకండి. పుటుక్కుమంటుంది," అని కొట్టతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజునుంచి గుణదలలో మా ఇంట్లో దానికి జరిగిన సేవ నాకెప్పుడూ జరగలేదు. మెత్తటి గుడ్డతో తుడవడం, హాల్లో నిలబడి ఫ్యానుకి తగలకుండా విసరడం, మళ్ళీ మడిచి సంచిలో పెట్టడం. నేను చెయ్యి వెయ్యబోతే, "కొన! కొన!" అని అరుపు.

అంతలో కార్తీకం వచ్చిపడింది. నెలంతా నీసు లేదు. మా ఆయన క్యాలెండరు తిరగేసి ఉపాయం కనిపెట్టారు. నెల వెళ్ళిన మర్నాడు పోలిపాడ్యమి. తెల్లారకుండా కంకిపాడులో మా పుట్టింటి రేవులో ఆడవాళ్ళు దీపాలు వదిలేస్తే నోము తీరిపోతుంది. అక్కడే తమ్ముణ్ణి ఎక్కించుకుని హంసలదీవి వెళ్ళి గాలం వెయ్యొచ్చు. శనివారమూ కాదు, సోమవారమూ కాదు. ఎరువుల లెక్కలో కూడా ఇంత తెలివి చూపించగా నేను చూడలేదు.

ఆ రోజు చీకటుండగానే రేవులో దిగాం. అరటిదొప్పల్లో వత్తులు వెలిగించి వదిలాం. నాది వెళ్ళిపోయింది. అత్తగారిది మటుకు కాస్త దూరం వెళ్ళి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. అది పోయిన మావయ్యగారి పేరున వదిలిన దీపం. ఆవిడ వంగి నీళ్ళు తోశారు. కదల్లేదు. నేనూ తోశాను. దొప్ప ఊగింది తప్ప కదల్లేదు.

"అది కదిలేదాకా నేను మంచినీళ్ళు ముట్టను," అని అత్తగారు తడిచీరతో మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆవిడ మోకాళ్ళు ఆ చలికి వణుకుతున్నాయి.

మెట్ల కింద లోతు, పైగా పాచి. చుట్టుపక్కల కర్ర ముక్క లేదు. తమ్ముడు గట్టు మీద ఫోనుతో వీడియో తీస్తున్నాడు, అంతకంటే సాయం వాడికి తోచలేదు. మా ఆయన కారు దగ్గరికి వెళ్ళారు. డిక్కీ చప్పుడైంది. సంచి విప్పుతూ వచ్చి, కర్రని ఒక్కొక్క ముక్కే చివరిదాకా లాగారు. కొనని ఒకసారి వేలితో తడిమారు.

"బావా, విరిగిందంటే ఇవాళ చేప లేదు, ఆలోచించుకో!" అని తమ్ముడు కేకేశాడు.

"నోర్ముయ్యరా," అన్నారు మా ఆయన. వంగి, కొనని దొప్ప వెనక ఆనించి తోశారు. డెక్క విడివడింది. దీపం ఒక గిరికీ తిరిగి ప్రవాహంలో పడి సాగిపోయింది. అప్పుడే పుటుక్కుమంది. ఈనె లాంటి ఆ కొన దీపం వెనకే కొట్టుకుపోయింది.

అత్తగారు చేతులు జోడించి, ఆ తర్వాత కొడుకు చేతిలోని మొండి కర్రని చూశారు.

హంసలదీవిలో మా ఆయన డిక్కీ తెరవనే లేదు. ఇసకలో కూర్చుని ఇతరుల వలలు చూశారు. తిరిగొచ్చేటప్పుడు అవనిగడ్డ దాటాక అత్తగారే కారాపించి, రోడ్డు పక్క చేపల గంపలోంచి ఒక పండుగప్పని ఏరి తీసుకున్నారు. మా పుట్టింటికి రాగానే తనే కొంగు బిగించి పులుసు పెట్టారు.

వడ్డించేటప్పుడు తల ముక్క కొడుకు పళ్ళెంలో వేసి, మా తమ్ముడితో, "మావాడు పట్టిందేనయ్యా. నా గిన్నెలోకి వచ్చింది, చూశావుగా," అన్నారు.

గంప దగ్గర సంచి పట్టుకుని నిలబడింది వాడే. నోరు తెరిచాడు. అత్తగారి గరిటె వాడి పళ్ళెం మీద అలాగే ఆగి ఉంది. చూసి, "మంచి చేపే పట్టావు బావా," అన్నాడు. గరిటె వంగింది.

మొన్న ఎవరో చుట్టాలొస్తే, పోలిపాడ్యమి నాడు హంసలదీవిలో తాను లాగిన పండుగప్ప గురించి మా ఆయన చెబుతుండగా విన్నాను. అప్పుడే మోచెయ్యి దాటింది. అత్తగారు పక్కనే కూర్చుని తలూపుతున్నారు. ఆ మొండి కర్రతో నేను బూజు దులుపుకుంటున్నాను. బూజుకి మటుకు భేషైనది, పైకప్పు మూలల దాకా అందుతుంది.

సరే, పొద్దెక్కింది, వెళ్ళిరండి. మీ ఇంటి పొయ్యి మీద పులుసు ఎప్పుడూ కుతకుతలాడాలి, మీరు వదిలిన దీపం ఏ డెక్కలోనూ చిక్కుకోకూడదు, మీవాళ్ళు పట్టని చేపలకి కూడా సాక్ష్యం చెప్పే పెద్దదిక్కు మీ ఇంట్లో నూరేళ్ళు చల్లగా ఉండాలి.