తలుపేసి కొట్టిన రొట్టెలు

మొన్న సెలవులు కలిసొచ్చి కొడుకూ కోడలూ హైదరాబాదు నుంచి గద్వాలకు వచ్చినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు తన ఫోను నా చేతికిచ్చి ఒక వీడియో చూపించింది. ఉద్యోగం చేసే అమ్మలు పొద్దుటి పని ఎలా చకచకా తెముల్చుకోవాలో అందులో ఒక అమ్మాయి మొహం మీది నవ్వు చెదరకుండా చెబుతోంది. ముందురోజే తరిగి డబ్బాల్లో సర్దిన కూరగాయలు, రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టిన పిండి, వరుసగా వేలాడదీసిన పిల్లల బట్టలు. ఆ ఇంట్లో మొగుడనేవాడు ఉన్నాడో లేడో వీడియో అయిపోయేదాకా తెలియలేదు. మీ కాలంలో ఎట్లా చేసుకున్నారత్తమ్మా అని కోడలు అడిగింది. నేను నోరు తెరిచేలోపే, కిటికీ పక్కన కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయన తలైనా ఎత్తకుండా, అప్పట్లో రోజూ రొట్టెలు కొట్టింది నేనే గదా అన్నాడు.

కోడలు చప్పట్లు కొట్టింది. నాన్నలాంటివాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారని కొడుకు మురిసిపోయాడు. నేను లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగాను, కొంచెం గట్టిగానే చప్పుడయ్యేట్టు. ఆయన అబద్ధం చెప్పలేదు. అబద్ధమే అయితే నాకింత కోపం వచ్చేది కాదు. ఆ కోపం ఎందుకో కొడుక్కీ కోడలికీ చెబితే అర్థమవుతుందో లేదో, నా ఈడు వాళ్లు మీకు అర్థమవుతుంది కాబట్టి మీకు చెబుతున్నాను.

మా పాలమూరు వైపు ఇళ్లలో జొన్నరొట్టె ముందురోజు చేసి పెట్టుకునేది కాదు. ఎసరు మరగాలి, పిండిలో పోసి చెయ్యి కాలుతున్నా వేడి మీదే ఒత్తి ఒత్తి మెదపాలి, ఒక్కొక్క ముద్దనూ పీట మీద పెట్టి తిప్పుతూ అరచేత్తో తట్టి తట్టి పలచన చేయాలి, పెనం మీద వేసి తడిగుడ్డతో పైన తుడవాలి, అది కాలేలోగా రెండో ముద్ద పీట మీదికి రావాలి. గ్యాసు వచ్చినా కుక్కరు వచ్చినా మిక్సీ వచ్చినా రొట్టె మాత్రం ఆడదాని చేతిని వదిలిపెట్టలేదు. పైగా రొట్టెకు చప్పుడుంటుంది. తెల్లవారుతూనే, మా వాడలో మగ్గాలు ఇంకా ఆడటం మొదలుకాక ముందే, ఇంటింటి నుంచీ టపటపమని ఆ చప్పుడు వీధిలోకి వచ్చేది. ఏ ఇంటి కోడలు లేచింది, ఏ ఇంటి కోడలు లేవలేదు, ఎవరి చెయ్యి చురుకు, ఎవరి చెయ్యి మొద్దు అన్నది అరుగుల మీద వేపపుల్లలతో పళ్లు తోముకునే పెద్దమ్మలు వింటూనే తేల్చేసేవారు. చూడాల్సిన పని కూడా లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాకు ఐజ దారిలో ఒక పల్లెటూరి బడిలో టీచరు ఉద్యోగం. పిల్లలిద్దరూ చిన్న తరగతులు. ఆ ఊరికి పొద్దున ఒకటే బస్సు. అది తప్పితే ఆటో నిండేదాకా బస్టాండులో నిలబడి, బడిలో ప్రార్థన అయిపోయాక తలవంచుకుని గేటు దాటాలి. ఆ వీడియోలోని కిటుకులన్నీ ఎవరూ చెప్పకుండానే నేనూ చేశాను. పిల్లల యూనిఫారాలు తడి ఆరీ ఆరకముందే మడిచి పరుపు కింద పెట్టి వాటి మీదే పడుకునేదాన్ని, తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టు ఉండేవి. చింతపండు రాత్రే నానేసేదాన్ని. పిల్లలకు చాలా రోజులు ఉగ్గాణి, బొరుగులు నీళ్లలో ముంచి పిండి తాలింపులో వేస్తే అయిపోయేది. రెండు జడలు అల్లే తీరిక లేక మా అమ్మాయి జుట్టు భుజాల పైకి కత్తిరించేశాను. అది అద్దం ముందు నిలబడి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇన్ని చేసినా రొట్టెల దగ్గరికి వచ్చేసరికి పొద్దు చేయి జారిపోయేది. మా ఆయన ఒక ఆఫీసులో గుమస్తా, పది దాటాక నిదానంగా సైకిలు తుడుచుకుని పోయే మనిషి, పొద్దున రొట్టె లేనిదే ముద్ద దిగదు. కాస్త సాయం పట్టరాదా అంటే, నా చేతికి రొట్టె తిరగదు అనేవాడు.

చివరికి కోటగోడ దగ్గర లారీ డ్రైవర్ల కోసం సాయంత్రాలు రొట్టెలు కొట్టి అమ్మే ఒక ముస్లిం ఆమెను, అందరం పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచే ఆమెను, బతిమాలి, పొద్దున్నే మాకు కూడా కొట్టి ఇచ్చేట్టు ఒప్పించుకున్నాను. పాలకు పోయినట్టే పోయి, ఒక చేత పాలడబ్బా, కొంగు కింద గుడ్డలో చుట్టిన రొట్టెలు పట్టుకుని వచ్చేదాన్ని. ఆయనకు చెప్పే చేశాను, నాలుగు రోజులు హాయిగా బస్సెక్కాను కూడా. ఆ తర్వాత ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద నుంచే ఆయన్ను నిలేసింది.

"ఏంది నాయనా, మీ ఇంట్ల రొట్టె చప్పుడే ఇనొస్తలేదు. పిల్లకు పానం బాగలేదా?"

ఆయన మొహం మాడిపోయింది. బజారు రొట్టెలు తినే ఇల్లన్న పేరు వస్తుందని ఆయన బాధ. వస్తే రానీ అన్నాను నేను. విచిత్రంగా పెద్దమ్మ మళ్లీ అడగలేదు, ఆయనే ఏదో సర్దిచెప్పి ఉంటాడనుకున్నాను.

ఒకరోజు ఖాలాకు జ్వరం. రొట్టెలు లేవు, ఇంటికి పోయి నేనే కొట్టుకోవాలి, బస్సు పోయినట్టే అనుకుంటూ పాలడబ్బాతో పరుగున తిరిగొచ్చాను. వీధి మలుపు తిరగ్గానే రొట్టె చప్పుడు వినిపించింది, అదీ మా ఇంట్లోంచే. ముందు తలుపుకు లోపల గడియ వేసి ఉంది. పెరటి వైపు నుంచి పోయి చూస్తే, మా ఆయన లుంగీ ఎగగట్టి పీట ముందు గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా పిండితో రొట్టె కొడుతున్నాడు. ఎసరు కాచి దించిన పొయ్యి ఆర్పేసి ఉంది. పెనం గోడకే వేలాడుతోంది. తమలపాకంత పలచగా, గుండ్రంగా వచ్చిన రొట్టెను మళ్లీ ముద్ద చేసి మళ్లీ కొడుతున్నాడు, వీధికి వినిపించడం కోసం.

ఏమిటిది అంటే, ఆవుకు పెడదామని అన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట ఎవడో. గట్టిగా నిలదీస్తే బయటపడింది. పెళ్లికి ముందు రాయచూరులో గది అద్దెకు తీసుకుని పనిచేసిన రోజుల్లో గదిలో ఉన్న వాళ్లందరికీ రొట్టెలు కొట్టింది ఆయనేనట. అన్నాళ్లూ నా చేతికి తిరగదు అన్న మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు వెనక పరుగెత్తిన పొద్దులన్నీ, మా అమ్మాయి కత్తిరించిన జుట్టూ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఎప్పుడూ మీరు అని పిలిచే దాన్ని, ఆ పూట మాత్రం నోరు జారనిచ్చాను.

"పెంక పొయ్యి మీద పెట్టు" అన్నాను.

పెట్టాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో రొట్టెలు ఆయనే కొట్టాడు. పొద్దుటి పని తెమలడానికి అన్నింటికంటే పనికొచ్చిన ఉపాయం అదొక్కటే, ఇంట్లో ఇంకో జత చేతులు. మా అమ్మాయికి మళ్లీ రెండు జడలు వచ్చాయి. కానీ ఆ గడియ మాత్రం తియ్యనిచ్చేవాడు కాదు. ఎండాకాలం కరెంటు పోయి చెమటలు కారుతున్నా తలుపు వేసే కొట్టేవాడు. మా అత్తగారు ఊరి నుంచి వస్తే బయట మంచం మీద పేపరు పట్టుకుని కూర్చునేవాడు, అప్పుడు నేనే పీట ముందు. పేరంతా నాకు వచ్చింది. నౌకరి చేసుకుంటూ కూడా ఏం రొట్టెలు కొడుతుందమ్మా అని వాడంతా ముక్కున వేలేసుకున్నారు. నేను కాదు ఆయన అని చెప్పినప్పుడల్లా హాస్యమాడుతున్నాననుకుని నవ్వారు.

ఆ పేరు నా ఒక్కదానితో పోయి ఉంటే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఎదురింటికి కొత్త కోడలు వచ్చింది. నాగర్‌కర్నూలు వాళ్ల అమ్మాయి, వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. పొద్దున్నే వనపర్తి బస్సు అందుకోవాలి కాబట్టి బస్టాండు దాకా ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. దారి పొడుగునా తన క్లాసు కబుర్లే. ఎవరికీ రాని లెక్క వెనక బెంచీ ఆడపిల్ల చేసిందని చెప్పేటప్పుడు నడక ఆపేసి, గాలిలోనే వేలితో ఆ లెక్క రాసి చూపించేది. ఆ పిల్ల మొహంలో అప్పుడుండే వెలుగు ఆమె ఇంట్లో ఉన్నప్పుడు నేను ఒక్కనాడూ చూడలేదు. ఎందుకంటే ఇంట్లో ఆమెకు ప్రతి పొద్దూ నా రొట్టెల చప్పుడుతోనే తెల్లారేది.

"ఆమె నౌకరికి పోతలేదా? ఆమె చెయ్యి ఇను, నీ చెయ్యి ఇను" అని పెద్దమ్మ అంటుంటే మా వాకిట్లోకి వినిపించేది.

బిడ్డ పుట్టాక ఇంకా కష్టమైంది. రాత్రంతా పాపతో మేలుకుని, పొద్దున ఆ మెత్తని చేతులతో ఇంటిల్లిపాదికీ రొట్టెలు కొట్టి బస్సుకు పరుగెత్తేది. ఎదురింటామె రెండూ చేస్తుంటే నీకు చేతకాదంటే ఉద్యోగమే మానెయ్యమన్నారు. అక్కా నువ్వెట్లా చేస్తావు, నాకెందుకు రావట్లేదు అని ఒకరోజు దారిలో ఏడ్చేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్లు తుడుచుకుని నవ్వింది, నన్ను ఓదార్చడానికి ఎంత మాటైనా అంటావక్కా అన్నట్టు. పెద్దమ్మకే పోయి చెప్పాను.

"మొగోడు రొట్టెలు కొట్టుడేంది బిడ్డా. దాని మీద పావురంతోని అంటున్నవు గని" అని, కోడలి మీద నాకున్న ప్రేమకు ఆమె నన్ను మెచ్చుకుంది కూడా.

ఇక ఆయన్ను పట్టుకున్నాను. ఒక్క పొద్దు, ఒకే ఒక్క పొద్దు తలుపు తెరిచి కొట్టండి, ఆ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది అని బతిమాలాను, దెబ్బలాడాను, తిండి మానేశాను.

"రేపు ఆఫీసుల తలెత్తుకుంటనా?" అన్నాడు. నా పోరు పడలేక చివరికి సరేనన్నాడు. ఆ సాయంత్రమే ఆ పిల్లతో, రేపు పొద్దున వాకిలి చల్లేటప్పుడు మా ఇంట్లోకి చూడు అని చెప్పాను.

తెల్లారగానే తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాను. ఆయన ఎసరు పోసి పిండి మెదిపాడు, ముద్ద పీట మీద పెట్టాడు. ఎదురింటి గడప దగ్గర బకెట్టు చప్పుడైంది. ఆయన చేతులు దులుపుకుని, తల వంచుకుని పెరట్లోకి పోయి నిలబడ్డాడు. పిలిచాను, రాలేదు. పిండి చల్లారిపోతోంది, పిల్లల టిఫిన్ డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి, బస్సు వేళ దగ్గరపడుతోంది. ఇంకేం చేయగలను. కూర్చుని నేనే కొట్టాను. తలెత్తి చూసేసరికి ఆ పిల్ల బకెట్టు పట్టుకుని తన వాకిట్లో నిలబడి మా ఇంట్లోకే చూస్తోంది. తెరిచిన తలుపులోంచి తన కళ్లతో తాను చూసింది, ఉద్యోగానికి పోయే ఆడది పొద్దున్నే చకచకా రొట్టెలు కొడుతుండడం. మెల్లగా తల తిప్పుకుని నీళ్లు చల్లుకుంది.

అర్ధసంవత్సరం పరీక్షల పేపర్లు దిద్ది ఇచ్చాక ఆమె కాలేజీ మానేసింది. నేను బస్టాండుకు ఒక్కదాన్నే నడిచాను. మా ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన మాత్రం తలుపేసుకుని రొట్టెలు కొడుతూనే ఉన్నాడు, నేను తింటూనే ఉన్నాను, కోపంతోనే తిన్నాను. మంచివాడు కాదని అనలేను. చేసిన మంచిని నలుగురిలో ఒప్పుకునే ధైర్యం లేకపోతే ఆ మంచి ఎదురింటి ఆడదాని మెడకు చుట్టుకుంటుందని ఆయనకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

ఇప్పుడు మా వాడలో పొద్దున్నే ఏ చప్పుడూ లేదు. మగ్గాలు తగ్గిపోయాయి. రొట్టెలు వీధి చివర బండి మీద దొరుకుతాయి, ఎవరూ కొంగు కింద దాచుకోరు, మగవాళ్లే బండ్ల మీద పోయి కట్టించుకొస్తారు. ఒక్కోసారి ఆ చప్పుడు లేని పొద్దు నాకు వెలితిగానే ఉంటుంది, మరునిమిషమే ఆ చప్పుడుతో మనల్ని ఎంత తూచారో గుర్తొచ్చి పీడా పోయిందనుకుంటాను. మన తర్వాతి ఆడపిల్లలకు ఈ హాయి వచ్చినందుకు సంతోషమే. మనకు రావాల్సినప్పుడు రాలేదన్న కసి మాత్రం పోదు.

కోడలు నాకు ఫోనులో వీడియో చూపించిన మర్నాడు పొద్దున కొడుకు నాన్న రొట్టెలు కొట్టేది వీడియో తీస్తానన్నాడు. వంటింట్లో వెలుతురు చాలదని పీటా పొయ్యీ అరుగు మీదికి తెచ్చాడు. మా ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. నడివీధిలో, అందరూ చూస్తుండగా, తల ఎత్తుకుని టపటప కొట్టడం మొదలుపెట్టాడు, భార్య ఉద్యోగానికి పోతుంటే మగవాడు ఎలా అండగా ఉండాలో చెబుతూ.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు ఆ ఇంటికి ఆ లెక్కల పిల్లే పెద్ద, సగం జుట్టు నెరిసింది. గడపలో నిలబడి కాసేపు కళ్లు మూసుకుని విన్నది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"గదే చప్పుడు" అన్నది. "అప్పుడు నువ్వు చెప్తే నమ్మకపోతి అక్కా."

మా ఆయన అది కూడా మెచ్చుకోలే అనుకుని, తీసుకోమ్మా వేడిగా ఉంది అంటూ పెనం మీది రొట్టెను ఆమెకు అందించబోయాడు. ఆమె చేయి చాచలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు వీడియోలో కూడా వచ్చిందట, బాగాలేదని మావాడు అంతవరకు కత్తిరించేశాడు.