పూజ రోజు ఆరిపోయిన పసుపు లైటు

పరిమళ కారు కంటే ముందు దాని హారన్ మా కోడంబాక్కం వీధిలోకి వస్తుంది. రెండు పొట్టివి, ఒక పొడుగు. అది వినగానే మా పాప ప్రణతి తింటున్న ఇడ్లీ వదిలేసి చెప్పుల కోసం పరిగెడుతుంది. మామూలుగా ఆ హారన్ బడికి. ఆ శనివారం మాత్రం రాకెట్‌కి!

పరిమళ వ్యాసర్పాడి పిల్ల. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి రైల్వే యార్డు పక్కన స్థిరపడిన కుటుంబం. వాళ్ళ నాన్న యార్డులో సరుకు దింపే పని చేసేవాడు. పరిమళ చాలాకాలం షేర్ ఆటో నడిపి, పోయిన ఏడు వేసవిలో ఒక పాత కారు కొనుక్కుని, మా వీధి పిల్లల్ని బడికి దింపడం మొదలుపెట్టింది. మొదటి రోజు నేను ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. బ్రేకులు ఎప్పుడు చూపించావు, వెనక డోర్లకు చైల్డ్ లాక్ ఉందా, టైర్లు ఏ ఏడాదివి అని ఒకటే ప్రశ్నలు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్న ముందు సీటు దులిపి చూపించింది.

"నువ్వూ ఎక్కి కూచో అక్కా. పాపతో పాటు నీ భయాన్ని కూడా బడికాడ దింపేసి వస్తా."

అప్పటి నుంచి మేం స్నేహితులం.

ఆమెకు ఒక కోరిక ఉండేది. రాకెట్ లేచినప్పుడల్లా వ్యాసర్పాడిలో వాళ్ళ మిద్దె మీద జనం గుమిగూడతారు. ఉత్తరం వైపు ఆకాశంలో తెల్లటి గీత పాకుతుంది. అంతే, చప్పుడు ఉండదు.

"గీత చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉండా అక్కా. సద్దు మాత్రం ఒక్కసారీ వినలా. మా నాయన ఒకసారి పులికాట్ కాడ నిలబడి విన్యాడంట. గుండికాయ మీద డోలు కొట్టినట్టు ఉండిందంట. ఇంటికొచ్చి ఆ సద్దు నోటితో చేసి చూపించేవాడు. నోటితో ఎంత చేసినా ఏం తెలస్తాది చెప్పు?"

కాబట్టి శనివారం మధ్యాహ్నం ప్రయోగం ఉందని తెలియగానే పరిమళ, రాకెట్ లేచే చోటికి దగ్గరని పులికాట్ పోదామంది. నేను రసాయనశాస్త్రం చదువుకున్న మనిషిని. రాకెట్ అనే మాట వినగానే సరేననేశాను. భయం తర్వాత తీరిగ్గా వచ్చింది. ఆ కారు ఊరు దాటి వెళ్ళడం అదే మొదటిసారి.

ఆ పొద్దున ప్రణతినీ, పక్కింటి జెబనూ, ఎదురింటి భరణినీ వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు ఒకటికి రెండుసార్లు లాగి చూసి, నేను ముందు కూర్చున్నాను. పరిమళ తాళం తిప్పింది. డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోయాయి. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోతే వెలిగే ఎర్ర నూనెడబ్బా గుర్తు కూడా ఆరింది. అది ఆరడం కోసమే నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను. ఆ ఎర్రది వెలిగితే బండి అక్కడికక్కడే ఆపేయాలి. సర్వీసు గుర్తు చేసే పసుపు రంగు పానా బొమ్మ వేరు. అది 'గడువు దగ్గర పడింది, చూసుకో' అని చెప్పేది. ఆ పసుపూ లేదు. పైగా తర్వాతి సర్వీసుకు ఇంకా ఆరు వేల కిలోమీటర్లు ఉందని అంకె కనిపించింది.

నా ప్రాణం కుదుటపడింది. కానీ బుర్ర ఊరుకోదు కదా. డాష్‌బోర్డు అరలో ఉన్న బండి పుస్తకం తీసి చూశాను. పది వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే దానికి ఆయిల్ మార్చాలని ఉంది. పదిలో ఆరు పోతే నాలుగు. అంటే ఆయిల్ మార్చాక బండి నాలుగు వేలు తిరిగిందన్నమాట.

"ఆయిల్ ఎప్పుడు మార్చారు పరిమళా?"

"ఆయుధ పూజకి అక్కా. ఈ పసుపు లైటు పూజకు ముందే వెలిగింది. మెకానిక్కు మారిముత్తు మామకి చెప్పి, పూజకి బండి ఆయన షెడ్డులోనే పెట్టినా. పూజ రోజు చూస్తే లైటు లేదు. మార్చేసినాడు."

"పూజ రోజే మార్చాడా?"

పరిమళ పకపకా నవ్వింది. "నువ్వేందక్కా! పూజ రోజు పానా ఎవురు ముట్టుకుంటారు? పానాలు, జాకీ, సుత్తి అన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందర పెట్టేస్తారు గదా. మళ్ళా పక్కరోజు దాకా ఎవురూ..."

నవ్వు మధ్యలో ఆగిపోయింది. నేనూ ఆమెవైపే చూస్తున్నాను.

"పానా లేకుండా ఆయిల్ ఎట్లా దింపినాడు?" అంది నెమ్మదిగా.

"దింపలేదేమో," అన్నాను. "ఈ కారులో సర్వీసు లైటు ఆయిల్‌ని చూడదు పరిమళా. కిలోమీటర్లూ రోజులూ లెక్కపెడుతుంది, అంతే. ఎవరైనా రీసెట్ బటన్ నొక్కితే, ఆయిల్ మార్చినా మార్చకపోయినా, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది."

ఆమె ఇంజిన్ ఆపేసి ఫోన్ తీసింది. స్పీకర్‌లో మారిముత్తు గొంతు నిద్రమత్తుగా పలికింది.

"మామా, పూజకి నా బండిలో ఆయిల్ మార్చినావా?"

"అదేందే పాపా, పూజ రోజు ఎట్లా మారుస్తా? హారతిచ్చే టైముకి ఆ పసుపు లైటు వెలగతా ఉంటే మీ పొన్నమ్మత్త ఒప్పుకోలేదు. అపశకునం, ఆర్పు అనింది. బటన్ నొక్కి ఆర్పినా. బటన్ పనిముట్టు కాదు గదా. పండగైనాక వచ్చేస్తావని చూస్తా ఉండా, నువ్వు రానే లేదు."

"లైటు ఆరిపోయినాక నేనేంటికి వస్తా మామా!"

"ఆమా, అవును, అది గూడా నిజమే," అన్నాడు మారిముత్తు.

పరిమళ దిగి బానెట్ ఎత్తింది. ఇంజిన్ చల్లారే వరకూ ఆగి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టి తీసింది. కడ్డీ మీద రెండు గుర్తులుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్యలో ఉండాలి. కింది గుర్తు దగ్గరే ఆగిపోయింది.

"పోలేం అక్కా," అంది. కడ్డీ వైపే చూస్తోంది. "పిల్లోళ్ళు ఎక్కే బండి. రాకెట్ ఇంకోటి లేస్తాదిలే."

వెనక నుంచి జెబ అరిచింది. "ఇంకోటి ఎప్పుడు?"

పరిమళ కడ్డీని గుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. అలాంటి రోజు 'ఇంటికి పోదాం' అనాల్సింది నేను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"పులికాట్‌కి పోయే దారిలోనే కదా వ్యాసర్పాడి?"

ఆమె తలెత్తింది.

"పుస్తకంలో ఏ గ్రేడు ఆయిల్ అన్నది ఉంది. ఆర్కాట్ రోడ్డు మీద షాపులో డబ్బా, ఫిల్టరూ కొందాం. ముందు కొంచెం పోసి మట్టం సరిచేద్దాం. మెల్లగా మీ మామ షెడ్డు దాకా పోయి మొత్తం మార్పిద్దాం. టైముంది!"

"అక్కా, నువ్వేనా మాట్లాడతా ఉండేది?" అంటూనే పరిమళ షాపు వైపు పరుగెత్తింది.

వ్యాసర్పాడి షెడ్డులో మారిముత్తు అప్పటికే చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాడు. పొన్నమ్మ పిల్లలకు మురుకులు పంచుతూ మొగుడి మీద విరుచుకుపడింది.

"లైటు ఆర్పమంటే ఆర్పి ఊరుకుంటివా? మర్నాడు ఫోన్ చేసి చెప్పేదానికేం?"

"ఆర్పమనింది నువ్వే, తిట్టేదీ నువ్వేనా?"

"ఇద్దురూ తర్వాత కొట్టుకోండి. నట్టు తీయి మామా!" అంది పరిమళ.

కింద పళ్ళెం పెట్టి నట్టు విప్పగానే నల్లటి ఆయిల్ ధారగా దిగింది. పిల్లలు ముక్కులు మూసుకుని మరీ వంగి చూశారు.

"ఛీ, చెడిపోయింది!" అన్నాడు భరణి.

"నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదురా," అన్నాను. "ఇంజిన్‌లో మసి మొయ్యడం దాని పనే. మోసీ మోసీ, వేడికి కాగీ కాగీ, ఇక మొయ్యలేని రోజు వస్తుంది. అందుకే గడువు. మన పరిమళక్క బండి రోజూ ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోతుంది కదా, దీనికి ఇంకా ముందే మార్చాలి."

"నువ్వు టీచరమ్మవా పాపా?" అన్నాడు మారిముత్తు బండి కింద నుంచి.

"కాదు మామా, భయమమ్మ," అంది పరిమళ. అందరం నవ్వాం.

కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోశారు. అప్పటికే ఎండ నడినెత్తికి వస్తోంది. మారిముత్తు "ఇంక పోండి పోండి" అని తొందరపెట్టాడు. పరిమళ కదల్లేదు. ఇంజిన్ కాసేపు తిప్పి, ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా నిలబడి, కడ్డీ తీసి చూసింది. పై గుర్తుకు కాస్త కిందుగా బంగారు రంగులో మెరిసింది. అప్పుడు లోపల కూర్చుని, బటన్ తనే నొక్కి పట్టుకుంది. ఆరు వేలు పోయి పది వేలు వచ్చింది.

"ఇప్పుడిది నిజం," అంది. "అత్తా, వచ్చే పూజకి ఇది వెలగతా ఉంటే ఆర్పొద్దు. దానికి గూడా ఒక బొట్టు పెట్టేయి."

ఇక దారి! మణలి దగ్గర కంటైనర్ లారీల వెనక ఇరుక్కున్నాం. మీంజూరు దాటేసరికి ఫోన్‌లో ప్రయోగం ప్రసారం మొదలైంది. పొన్నేరి దాటాక గాలిలో ఉప్పు వాసన. పిల్లలు 'ఇంకెంతసేపు' అని ఒకటే గోల. నేను స్పీడు చూడటం మానేసి ఆకాశం చూస్తున్నానని చాలాసేపటికి గమనించాను. పులికాట్ ఊళ్ళోకి పోయేచోట బండ్లు బారులు తీరి కదలడం లేదు. పరిమళ ఒక్క క్షణం ఆలోచించి, చెరువులా పరుచుకున్న ఉప్పునీళ్ళ పక్కన రోడ్డు దిగి కారు ఆపింది. ఇంజిన్ ఆపేసింది. దిగి బానెట్‌కు ఆనుకుని నిలబడింది.

దూరంగా నేల అంచున నిప్పు మెరిసింది. పిల్లలు కేకలు పెట్టారు. అది లేచింది, తెల్లటి గీత గీసుకుంటూ, ఎండ కంటే మెరుస్తూ, మెల్లగా వంగి సముద్రం మీదికి తిరిగింది. చుట్టూ జనం చప్పట్లు. పరిమళ చప్పట్లు కొట్టలేదు. తల ఒక పక్కకు వంచి వింటోంది.

గీత పైకి పోయింది. పలచబడింది.

"అంతేనా అక్కా? ఇది మా మిద్దె మీద గూడా కనిపిస్తాదే," అంది. గొంతు చిన్నబోయింది.

"ఉండు. వెలుగు ముందు వస్తుంది. చప్పుడు వెనకాల నడిచి వస్తోంది. చాలా దూరం కదా, ఆగు."

ప్రణతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. జనం ఫోన్లు దించేస్తున్నారు. కొందరు బండ్లు ఎక్కుతున్నారు. నాకే అనుమానం వచ్చింది, గాలి ఎటు ఉందా అని.

అప్పుడు నీళ్ళ మీద నుంచి వచ్చింది. ముందు గొణుగుడులా, తర్వాత పెద్ద రోలు దొర్లించినట్టు, ఆగకుండా, పెరుగుతూ. పరిమళ ఉలిక్కిపడి, అరచెయ్యి బానెట్ మీద ఆనించింది.

"అక్కా!" అని అరిచింది. "ఇంజిన్ ఆపే ఉండాది. బండి అదరతా ఉండాది, చూడు!"

నేనూ చెయ్యి పెట్టాను. పిల్లలు ముగ్గురూ పెట్టారు. వెచ్చటి రేకు మా అందరి చేతుల కింద వణుకుతోంది. పరిమళ కళ్ళు మూసుకుని, వాళ్ళ నాన్న నోటితో చేసి చూపించిన ఆ సద్దును, దానితో పాటే, తన గొంతుతో చేయడం మొదలుపెట్టింది.