దొరక్కపోయినా ముందుకు పొమ్మని రాశాను

మొన్న మా తమ్ముడి కూతురు ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసుకుంటూ ఉంటే పక్కన కూర్చుని చూశాను. రెండు డేటాబేసుల్లో ఒకేసారి మార్పు జరగాల్సిన చోట ఆ పిల్ల ఒక్క మాట రాసి వదిలేసింది. మిగతాదంతా సర్వరే చూసుకుంటుందట. ట్రాన్సాక్షన్ మేనేజర్‌ని ఎక్కడినుంచి తెచ్చుకుంటావమ్మా అని అడిగితే, అలా తెచ్చుకోవడం ఒకటుండేదా పెదనాయనా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా రోజుల్లో ఉండేది. నంద్యాలలో మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, రెండు గదుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవాడు. ప్రోగ్రాములు రాసేది నేను. ఊళ్ళోని ఒక బ్లడ్ బ్యాంకుకి, ఆళ్లగడ్డలో దానికున్న చిన్న నిల్వగదికి కలిపి ఒక ప్రోగ్రాం చేశాం. ఆళ్లగడ్డలో ఒక సంచి రక్తం ఎవరికైనా ఇస్తే అక్కడి జాబితాలోనూ నంద్యాల జాబితాలోనూ ఒక్కసారే తగ్గాలి. ఒకచోట కుదరకపోతే రెండోచోటా జరగకూడదు, సంచీ బయటికి పోకూడదు. ఆ కాపలా కాసేదే ట్రాన్సాక్షన్ మేనేజర్. అది సర్వర్ లోపల ఉంటుంది, మన ప్రోగ్రాం దాన్ని పేరుతో అడిగి తెచ్చుకోవాలి. చిక్కేమిటంటే ఒక్కో కంపెనీ సర్వర్‌లో దానికి ఒక్కో పేరు. మేము రాసుకున్నది ఒక సర్వర్ మీద, బ్లడ్ బ్యాంకు వాళ్ళు కొన్నది మరొకటి. అక్కడ మాకు తెలిసిన పేరుతో అడిగితే ఏమీ రాలేదు, ప్రోగ్రాం ఆగిపోయింది. మర్నాడే ప్రారంభం. అన్న నా వెనక నిలబడి, "ఇప్పటికి నడవనీరా, తర్వాత జూసుకుందాం" అన్నాడు. మేనేజర్ దొరక్కపోయినా ముందుకు పొమ్మని రెండు వరసలు రాశాను. నడిచింది. నడుస్తున్నదాన్ని ఆ తర్వాత ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

వానాకాలంలో ఒకరోజు పొద్దున ఆళ్లగడ్డ లైను తెగింది. సరిగ్గా అప్పుడే అక్కడ ఓ నెగటివ్ గ్రూపు రక్తం ఆఖరి సంచి ఎవరికో ఇచ్చారు. అక్కడి జాబితాలో తగ్గింది, నంద్యాల జాబితాలో తగ్గలేదు. మధ్యాహ్నం ట్రాక్టర్ కింద పడ్డ రుద్రవరం రైతు ఒకాయన్ని నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు. అదే రక్తం కావాలి. నంద్యాలలో లేదు, ఆళ్లగడ్డలో ఒకటుందని తెర చెప్పింది. ఫోన్లూ పలకకపోవడంతో ఆయన కొడుకు జీపు మాట్లాడుకుని ఆ వానలోనే బయల్దేరాడు.

తెగిన లైను సంగతి చూడమని నన్ను పిలిపించారు కాబట్టి, అతను ఖాళీ చేతులతో తిరిగొచ్చేసరికి నేను కౌంటర్ లోపలే ఉన్నాను. తండ్రి పోయిన కబురు మాకు అప్పటికే వచ్చింది, అతనికి ఇంకా తెలియదు. గట్టిగా అరిచినా బాగుండేది. "లేందాన్ని ఉందని ఎట్ల జెప్పినారప్పా?" అని మాత్రం అడిగాడు. కౌంటర్‌లో కూర్చునే ఆవిడ నావైపు చూసింది.

ఆ సాయంత్రం సర్వర్‌తో పాటు వచ్చిన పుస్తకం తెరిస్తే అసలు పేరు అందులోనే ఉంది. తెలిసిన పేర్లన్నీ వరసగా అడిగి, ఏదీ దొరక్కపోతే పని అక్కడే ఆపేయమని మార్చి రాశాను. గంట కూడా పట్టలేదు. ఎవరికీ చెప్పొద్దని అన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. దినాలు అయ్యాక ఆ ఒట్టు తప్పి రుద్రవరం పోయాను. అతను వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆ రాత నాదేనని చెప్పాను. అతను, "ఆ పొద్దు అట్ల గాకుండా కర్నూలుకు పోయింటే దొరికిండునేమో" అన్నాడు. తర్వాత లేచి, "ఇంగ పో అప్పా. మా యమ్మ చేనుకాడ్నించి వచ్చేలోగా పో" అన్నాడు.

అన్న ఆఫీసు మూతపడింది. నేను హైదరాబాదు చేరి ఇన్నేళ్ళూ అదే రాతపని మీద బతికాను. ఇప్పటి సర్వర్లు అలాంటి తప్పు అంత సులువుగా చేయనివ్వవు, మంచిదే. కానీ నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రాసినవాడూ ఆ రాతను నమ్మి పోయినవాడూ ఒక్క జిల్లాలోనే ఉండేవారు, ఒకరికొకరు ముఖం చూపించక తప్పేది కాదు. ఇప్పుడు రాసినవాడికి తన రాత ఏ ఊళ్ళో నడుస్తోందో తెలియదు. పోగొట్టుకున్నవాడికి ఎవరి ముందు నిలబడి అడగాలో తెలియదు.