నా తరఫున మా ఆయన చెప్పిన జవాబు

జనవరిలో ఒక పొద్దున కార్ మీద మంచు గీకుతుంటే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారని మా ఆయన కిరణ్ నవ్వాడు. ఆ మహానుభావులెవరో పదకొండు రోజులు తలుచుకుంటూనే ఉన్నారు. తిన్నది తిన్నట్టు వాంతి అయ్యేది. ఎమర్జెన్సీలో గ్యాస్ మందిచ్చి, యాంగ్జైటీ కూడా ఉన్నట్టుందన్నారు. ఆ మాట కిరణ్ మనసులో నాటుకుపోయింది. ఎక్కిళ్ళు వాటంతటవే తగ్గాయి.

ఏప్రిల్‌లో కుడికన్ను నొప్పి పెట్టి, రెండు రోజుల్లో మసకబారింది. ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటి నరం వాపు అన్నారు. స్టెరాయిడ్స్ ఎక్కించి, ఎంఆర్‌ఐ తీసి, న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఈ దేశంలో, ఈ నోవై ఊరికి వచ్చిన కొత్తలో బ్యాంకులోనైనా, లైసెన్స్ ఆఫీసులోనైనా నా బదులు కిరణే మాట్లాడేవాడు. నాకూ అదే సుఖంగా ఉండి అలవాటైపోయింది. న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళిన రోజు కూడా, నన్ను కంటి పరీక్షకి పక్కగదిలోకి తీసుకెళ్తే, నా పాత లక్షణాల గురించి నర్సుకి తనే చెప్పాడు. ఎమ్మెస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేల్చి మందు మొదలుపెట్టారు.

ఐదు నెలలకి నడుము కింద మొద్దుబారింది. కుడికన్ను పూర్తిగా చీకటైంది. ఈసారి ఆస్పత్రిలో మరో డాక్టర్, ఒకావిడ, మంచం పక్కన కూర్చుని నన్నే అడిగింది, ఎప్పుడైనా ఆగకుండా ఎక్కిళ్ళు, వాంతులు వచ్చాయా అని. వచ్చాయన్నాను. రక్తపరీక్షలో ఆక్వాపోరిన్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. ఇది ఎన్‌ఎంఓ అనే వేరే జబ్బు, ఆ ఎక్కిళ్ళు, వాంతులు దాని మొదటి గుర్తులే అంది. ఎమ్మెస్ లాగే ఇందులోనూ ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే తిరగబడుతుందట. కానీ కొన్ని ఎమ్మెస్ మందులు దీన్ని ముదురుస్తాయట.

"ఎక్కిళ్ళ సంగతి తెలిసుంటే ఈ టెస్ట్ అప్పుడే చేసేవాళ్ళు" అంది.

రక్తంలోని ఆ యాంటీబాడీలని తీసేసే ప్లాస్మా ఎక్స్చేంజ్ చేశాక కాళ్ళలోకి పట్టు తిరిగొచ్చింది. ఇంటికొచ్చి పేషెంట్ పోర్టల్‌లో పాత నోట్స్ తెరిచాను. భర్త చెప్పిన ప్రకారం వాంతులు, ఎక్కిళ్ళు లేవు అని రాసి ఉంది.

అడిగితే కిరణ్ దాచలేదు. "అవన్నీ చెప్తే నిన్ను యాంగ్జైటీ కేస్ అనుకుని సీరియస్‌గా తీసుకోరనుకున్నా." మళ్ళీ తనే అన్నాడు, "నిజం చెప్పాలంటే, అప్పుడు నేనూ నమ్మలేదు."

జబ్బుని క్షమించాను, దానికి నేనెవరో తెలియదు. ఈ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆరు నెలలకోసారి నరంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ నడుస్తోంది. మళ్ళీ అటాక్ రాలేదు. కుడికన్ను వెలుతురు ఉందో లేదో మాత్రం చెబుతుంది. ఆస్పత్రికి డ్రైవ్ చేసేది కిరణే. డాక్టర్ గదిలోకి ఒక్కదాన్నే వెళ్తాను.

ఎంత ప్రేమించేవాళ్ళు పక్కనున్నా, మీ లక్షణాలు మీ నోటితోనే చెప్పండి. డాక్టర్ ఏం రాసుకున్నారో ఇంటికొచ్చిన రోజే చదవండి. నేను ఐదు నెలలు ఆలస్యంగా చదివాను, ఒంటికంటితో.