పారబోయాల్సిన పొడి

ఈ బరువును ఇన్నేళ్లూ ఎక్కడా దించలేకపోయాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసులో గుమస్తాగా చేసేవాణ్ని. బడికి పోయింది తక్కువ. లెక్కలైనా, ఇంగ్లీషైనా, కంప్యూటరైనా సొంతంగా నేర్చుకున్నదే. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బుంటుంది. ఎదుటివాడు తనను మోసం చేస్తున్నాడనే అనుకుంటాడు.

మా ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో టోనర్ పొడి అయిపోతే కోదాడలో చిన్న దుకాణం నడిపే సైదులు వచ్చి నింపేవాడు. చాలా మిల్లులకు అతనే. నింపే ముందు, పక్క అరలో చేరిన నల్లపొడిని కవరులోకి దులుపుకొని పోయేవాడు. అది చెత్త, కాగితపు నూగు కలిసి ఉంటుంది అనేవాడు. నేను నమ్మలేదు. కొత్తదానిలాగే మెత్తగా ఉందే! కొత్త కార్ట్రిడ్జ్‌లు అమ్ముకోవడానికి కంపెనీ మంచి పొడిని పక్కకు మళ్లించేలా పెట్టిన దొంగ అర అది, ఆ పొడిని ఇతను ఇంకో మిల్లులో పోసి సొమ్ము చేసుకుంటున్నాడు, అంతే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కార్ట్రిడ్జ్ విప్పి, ఆ చెత్తపొడిని మంచి పొడిలో కలిపాను.

మర్నాడు కాగితాలన్నీ బూడిద రంగులో వచ్చాయి. తర్వాత ప్రింటరే ఆగిపోయింది. గేటు దగ్గర బియ్యం లారీలు బిల్లుల కోసం ఆగాయి. మిల్లు సేటు మండిపడి సైదులును పిలిపించాడు. తప్పు ఎవరిదో నాకు అప్పటికే తెలుసు.

సైదులు కార్ట్రిడ్జ్ తిప్పి చూసి నా వైపు తిరిగాడు. "బాబాయ్, దీన్నెవరో విప్పిన్రు. నువ్వేమన్న సూసినవా?"

"నాకేం తెల్వది. నువ్వు పోసిందే నకిలీ పొడి."

"నకిలీదైతే ఇన్నొద్దులు నీ బిల్లులెట్లొచ్చినయే?"

"ఇగ నడువ్‌రా! మళ్ల నా గేటు దిక్కు రాకు," అన్నాడు సేటు.

నేను అక్కడితో ఊరుకోలేదు. టీకొట్టు దగ్గర మిగతా గుమస్తాలకూ అదే చెప్పాను. మిల్లులు అతణ్ని పిలవడం మానేశాయి. దుకాణం మూసేసి, మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు మోస్తున్నాడని విన్నాను.

ఎందుకు అబద్ధమాడాను? ఉద్యోగం పోతుందనా? కాదు. నా తెలివి ఉత్తదని నలుగురిలో తేలిపోతుందని. ఆ ప్రింటర్ కంపెనీల మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, కానీ దాని చాటున దాక్కోవడం ఇక నా వల్ల కాదు. ఇది కూడా మీ జాలి కోసమే రాస్తున్నానేమోనని నా మీద నాకే అనుమానం. జాలి పడకండి.

సైదులు పోసింది మంచి పొడి. విప్పింది నేను.